నీళ్లను బయటికి పంపిన మా తోడికోడలు

మా తోడికోడలు పోయింది. రాజంపేటలో కూతురి పురుటికని పోయి, మనవరాలిని ఒళ్లో పెట్టుకొని బాగానే ఉండిన మనిషి, జరం వచ్చి వారం తిరక్కుండానే పోయింది. బస్సు దిగి వచ్చినాయన ఆ మాట చెప్పేటప్పుడు నేను వాకిట్లో కూర్చొని కందులు చెరుగుతాండా. చేట కింద పెట్టకుండానే "ఎవురు?" అని మళ్లా అడిగినా. "మీ నెల్లూరామె" అన్నాడు. ఊరంతా ఆమెను అట్లనే పిలిచేది. ఇంత కాలం మా ఊరి మన్ను తొక్కినా, మా సంగటి తిన్నా, ఆమె మా ఊరికి నెల్లూరామెనే. నాకు మాత్రం మా మరిది పెండ్లాము, నాతో సమంగా నోరు చేసుకోగలిగిన ఒకే ఒక్క మనిషి.

నేను చదువుకోలేదు. నేను చెప్తాంటే మా ఊరి పంతులమ్మ రాస్తాంది. పోయినామె గురించి నాలుగు మంచి మాటలు చెప్పి ఊరుకునేదాన్నే. కానీ ఆమె దినం రోజున, ఇంకా ఇస్తరాకులు ఎత్తకముందే, నా పెద్దకొడుకు ఒక మాట అన్నాడు.

"మ్మా, చిన్నమ్మ పోయింది. ఇంక చేన్లో ఆ మోరీ పూడ్చేద్దాం. అంత బారుకు భూమి ఊరికే పడుండాది. నీళ్లన్నీ వంక పాలవుతాండాయి."

పక్క ఆకు ముందర మా కింది చేనాయన కూర్చొని ఉండాడు. ఆయన చేను మా చేనుకు దిగువన ఉంటాది, అందుకని ఆయనను అట్లనే అంటాం. "ఆ పని చెయ్యండబ్బా," అన్నాడు ఆయన. "ఆయమ్మ ఉన్నన్నాళ్లు నోరెత్తలేకపోతిమి. ఆ మోరీ నీళ్లు ఊరి ఊరి నా గట్టు నానిపోయింది."

"ఏమప్పా," అన్నా నేను, "ఆమె పేరు చెప్పి వడ్డించిన అన్నం నీ నోట్లోనే ఉండాది. అది మింగు ముందు. నా కొడకా, నువ్వూ మింగు. మోరీ సంగతి నాతో మాట్లాడుదురు గానీ."

ఆ సంగతే ఇప్పుడు మాట్లాడతాండా. వాళ్లు మోరీ అనేదాన్ని ఆమె మురుగు కాలువ అనేది. అది ఉండల్లనా, పూడ్చల్లనా? నా వాదన చెప్తా, వినండి. కాలువ గురించి చెప్పకుండా ఆమె గురించి చెప్పేదానికి కాదు, ఆమె గురించి చెప్పకుండా కాలువ గురించి చెప్పేదానికీ కాదు.

ఆమె మా ఇంటికి వచ్చింది కరువు ఏట. కరువొస్తే మా దిక్కు పశువులను గడ్డి ఉండే చోటికి తోలుకొని పోతారు. మా మరిది తూర్పుకు పోయినాడు. కొండలు దాటి, నెల్లూరు సీమలో సముద్రం ఇంకొక పూట నడక ఉందనంగా, ఒక పెద్ద పల్లం దొరికిందంట. అంత దగ్గర సముద్రం ఉన్నా ఆ పల్లంలో నీళ్లు మాత్రం తియ్యన. తుంగ, జమ్ము మనిషెత్తు పెరిగి, ఏడాది పొడుగునా తడి ఆరదంట. వాళ్లు దాన్ని బాడవ అంటారు. పోయిన పశువుల్లో సగం తిరిగి వచ్చినాయి, వాటి వెనక ఈమె వచ్చింది.

మా అత్త గడపలో నిలబడి, "పశువులను మేపుకొని రమ్మంటే పిల్లను తోలుకొని వచ్చినావేమిరా?" అనింది.

"అన్నీ బురదలో దిగబడినాయి మ్మా," అన్నాడు మా మరిది. "కడుపు కింద జమ్ము మోపులు తోసి, తాడేసి, ఈ సగాన్నన్నా బయటికి లాగింది ఈ పిల్లే."

దాంతో మా అత్త మెత్తబడి, కాళ్లు కడుక్కోమని చెంబెడు నీళ్లిచ్చింది. ఆ పిల్ల చెంబంతా ఒక కాలికే పోసుకొని, రెండో కాలు చాపింది. మా అత్త ఆ కాలిని చూసింది, ఖాళీ చెంబును చూసింది, లోపలికి పోయింది. ఆ రెండో కాలు కడగకుండానే ఆమె మా ఇంట్లో అడుగు పెట్టింది. తర్వాత ఎప్పుడన్నా నేను మాటల్లో గెలవలేకపోతే ఆ కాలు ఎత్తేదాన్ని. "కడగని కాలితో వచ్చినదానివి, నువ్వా నాకు చెప్పేది?" అంటే, "కడిగిన కాలితో వచ్చి నువ్వేం పొడిచినావక్కా?" అనేది.

వచ్చిన మరుసటి దినం చేను చూపిస్తామని తీసుకొని పోయినా. ఎండాకాలం. మా నల్లరేగడి ఎండకు యాడికాడికి పగిలి ఉండాది. ఆమె ఒక పగులు దగ్గర గొంతు కూర్చొని, మోచేతి దాకా చెయ్యి లోపలికి పెట్టింది.

"అక్కా, దీన్ని ఎవురు నరికినారు?"

"ఎవురూ నరకలేదు. ఎండకు అదే పగిలింది."

"ఇంత లోతుకా!" ఒక చింతగింజ తీసి దాంట్లో వేసి, చెవి పెట్టి వినింది. తర్వాత ఒక మన్ను పెడ్డ పగలగొట్టి, ఉమ్మితో తడిపి, వేళ్లతో నలిపి, పురికొస మాదిరి సాగదీసింది. ఆమె ముఖం మారిపోయింది. "ఇది మా బాడవ మన్నే అక్కా! అదే బంక. ఎండటం ఎట్టా నేర్చుకునింది?"

"మీ మన్ను ఎండదా?"

"మా మన్నుకు ఎండటం తెలీదు." కొంచేపు ఆ పురికొసనే చూస్తా కూర్చొని, "ఇవి రెండూ ఒక తల్లి బిడ్డలే," అనింది. "ఒకదాన్ని నీళ్లు వదల్లేదు, ఒకదానికి నీళ్లు దొరకలేదు."

నేను కోడుమూరు దిక్కు పిల్లను. మా పుట్టింట్లో నీళ్లంటే బావి అడుగున అద్దం ముక్క మాదిరి మెరిసేది, అంతే. నేల మెత్తగా ఉంటాదని, మనిషిని మింగుతాదని ఆమె చెప్తాంటే నాకు నమ్మకం కుదిరేది కాదు. కుదరకనే అడిగేదాన్ని. రాగులు విసిరేటప్పుడు, చెనక్కాయలు వొలిచేటప్పుడు, ఇద్దరం ఎదురెదురుగా కూర్చుంటే నాకు ఆ బాడవ గురించే.

"అయితే మీ నేలకు అడుగు ఉండదా?"

"ఉండాది. వెదురు గుచ్చితే మనిషి లోతు వెన్నలో దిగినట్టు దిగతాది. ఆ కింద గట్టి బంక తగలతాది. నీళ్లను పట్టుకోనుండేది ఆ బంకే. కిందికి పోనీదు."

"పక్కకు పోవచ్చు కదా?"

"యాడికి పోతాయి? అంతా పళ్లెం మాదిరి చదునుగా ఉంటే?"

"మరి పైన ఏముంటాది?"

"కుళ్లిన తుంగ. ఏండ్ల తరబడి కుళ్లి కుళ్లి నల్లగా మెత్తగా పరుచుకోనుంటాది. వానలు లేని ఏడు అది పైపైన ఆరితే, నిప్పు పడి మన్నే కాలతాది."

"మన్ను కాలేదేమే! అబద్ధం చెప్పినా అతికేటట్ల చెప్పల్ల."

"నమ్మకపోతే మానుకో. నా నోరు నొప్పి."

కానీ నోరు నొప్పి పుట్టేది కాదు. మళ్లా చెప్పేది. వాళ్ల ఊర్లో పిల్లలకు నడక నేర్పేటప్పుడే మన్ను పిసకడం నేర్పుతారంట. పిడికిట్లో పట్టి పిసికితే మన్నంతా వేళ్ల సందుల్లోంచి జారిపోతే, ఆడికి మనిషి కూడా పోగూడదు. కొంచెం జారి కొంచెం చేతిలో మిగిలితే మనిషి పోవచ్చు, పశువును దింపకూడదు. అంతా చేతిలోనే నిలిస్తే బండి తోలుకోవచ్చు. మా ఎండు నేలకు వచ్చినా ఆమెకు ఆ అలవాటు పోలేదు. ఏది మెత్తగా కనిపించినా పిడికిలి బిగించేది. నేను చేసిన సంగటిని కూడా పిసికి, "ఈ పొద్దు దీని మీదికి పశువును దింపరాదక్కా," అనేది. మా అత్త ముసలితనంలో నవ్విన నవ్వులన్నీ ఈమె నోటి నుంచి రాలినవే.

ఇట్ల ఏండ్లు గడిచినాయి. నా మొగుడు పోయినాడు. స్వరాజ్యం వచ్చింది. తర్వాత కొన్నాళ్లకు కర్నూలు దిక్కు నుంచి వచ్చే పెద్ద కాలువ నుంచి మా ఊరికి ఒక పిల్లకాలువ తవ్వినారు. నీళ్లు వచ్చినాయి. అవి వచ్చిన పొద్దు మా ఊరోళ్లు ఎట్ల ఉండిరో చెప్తే మీరు నవ్వుతారు. పెద్దపెద్దోళ్లు మడికయ్యల్లో పిల్లల మాదిరి కూర్చున్నారు. నీళ్ల ముందర టెంకాయ కొట్టినారు. ఆ తర్వాత ప్రతి ఒక్కరూ చేసిన మొదటి పని ఏమంటే, గట్టు మీద యాడ చిల్లి ఉంటే ఆడ మూసేయడం. రాళ్లు, గడ్డి, బంకమన్ను, ఏది దొరికితే అది. ఎలుక బొక్కలను కూడా వదల్లేదు. వచ్చిన నీళ్లు వచ్చినట్టే ఉండిపోవల్ల.

దీన్ని తప్పు అంటే నేను ఒప్పుకోను. తరతరాలుగా మబ్బును చూసి మెడలు నొప్పి పుట్టినోళ్లు ఇంకేం చేస్తారు? నీళ్లు చాలలేదు అనే మాట మాకు పుట్టుకతో వచ్చింది. నీళ్లు ఎక్కువయినాయి అనే మాట మా ఊర్లో ఎవురి నోటా నేను వినింది లేదు. కోడుమూరు నుంచి నా తమ్ముడు వస్తే ఇంటికి కూడా తీసుకొని పోకుండా నేరుగా చేనికి తీసుకొని పోయి నిలువ నీళ్లు చూపించినా. వాడు గట్టు మీద చాలాసేపు కూర్చొని, "అక్కా, మీరు కలిగినోళ్లయిపోయినారు," అన్నాడు.

మొదట్లో వరి బాగానే పండింది. తర్వాత పల్లంలో ఉండే మా కయ్య పాడయ్యేదానికి మొదలుపెట్టింది. పైరు పసుపు పట్టి గిడసబారింది. పెరికితే సులభంగా ఊడి వచ్చేది, వేర్లు బొగ్గు మాదిరి నల్లగా. గట్టు అంచున తెల్లగా చౌడు పొంగింది. కాలు పెడితే బుడగలు లేచి, గుడ్లు మురిగిన వాసన. మందు పెట్టినారని కొందరు, దిష్టి అని కొందరు అన్నారు. నా కొడుకు ఇంకొంచెం నీళ్లు పెట్టినాడు.

ఒక పొద్దు ఆమె, నేను కలిసి ఆ కయ్య దగ్గరికి పోయినాం. నేను కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నా. ఆమె చీర ఎగ్గట్టి మోకాటి లోతు దిగి, కండ్లు మూసుకొని, ఆ వాసనను గుండె నిండా పీల్చుకునింది.

"అక్కా, మా ఊరు ఈడికి వచ్చింది."

"మీ ఊరిని ఎవురే రమ్మన్నది?"

"మీరే. వచ్చినదాన్ని వచ్చినట్టే పట్టుకొని తలుపులన్నీ వేస్తిరి కదా. బాడవ గాక ఇంకేమవుతాది?"

పెండ్లయినంక ఆమె పుట్టింటికి పోయింది ఒక్కసారే, తండ్రి పోయినప్పుడు. తర్వాత ఆడ పిలిచేవాళ్లు లేరు. ఆ పొద్దు ఎండ నెత్తి మీదికి వచ్చేదాకా ఆమె ఆ బురదలోనే నిలబడింది. నేను పిలవలేదు. గట్టు మీద కూర్చొని కాచుకున్నా. బయటికి వచ్చి, కాళ్లు కడుక్కొని, "దీనికి మురుగు కాలువ తవ్వల్ల," అనింది. "లేకపోతే మీకు తుంగ పండుతాది. చాపలు అల్లుకోని బతకండి."

అప్పుడే ఆమె నీళ్లలోకి చెయ్యి దించి, పైపైనే ఒక ముద్ద తీసి నాకు చూపించింది. నేను అట్లాంటి మన్ను చూడలేదు. నలుపు కాదు. బడిపిల్లోళ్ల పలక తడిపితే ఒక నీలం వస్తాదే, అది. ఆ నీలంలో వేర్లు దిగిన చోటల్లా, తుప్పు పట్టిన సూదిని దూర్చి తీసినట్టు ఎర్రటి గీతలు.

"ఈ ఎరుపేందే?"

"వేరు గాలి తెచ్చుకున్న దారి అక్కా. పైనుంచి గడ్డికాడ లోపల గాలి దిగతాదంట. అది తగిలిన చోటు ఎర్రబడతాది."

"నీకెట్ల తెలుసు?"

"నాకేం తెలుసు! మా నాయన చెప్పేవాడు. చేపలు నిద్రలో గురక పెడతాయని కూడా ఆయనే చెప్పేవాడు."

ఆ మాటతో నాకు అనుమానం పట్టుకునింది. గురక సంగతి నేను తేల్చలేను గానీ మన్ను సంగతి తేలుస్తామని, ఆ నీలం మన్ను రెండు ముద్దలు ఇంటికి తెచ్చుకున్నా. ఒకటి గోడ మీద పెట్టినా. ఒకటి ముంతలో నీళ్లు పోసి దాంట్లో ముంచినా. మరుసటి దినం గోడ మీది ముద్ద బెల్లం రంగుకు తిరిగింది. పగలగొడితే లోపల ఇంకా నీలమే, పైన తొక్క మాదిరి బెల్లం రంగు. దినదినానికీ ఆ తొక్క మందమయింది. ముంతలోది మాత్రం నీలంగానే ఉండిపోయింది. నా కోడలు, "అత్తకు పిచ్చి పట్టింది, మన్నుతో ఆడుకుంటాంది," అని అమ్మలక్కలతో చెప్పింది. చెప్పుకోనీ. అంటే ఏమి? మన్ను కూడా ఊపిరి పీలుస్తాదా? నీళ్ల కింద ఊపిరాడక నీలం పడతాదా? "మన్ను ముక్కు మూయగూడదక్కా," అనేది ఆమె. అది నిజమేనా, లేకపోతే ఇంకేమన్నా కారణముందా, నాకు ఇప్పటికీ తెలీదు. తెలిసినోళ్లు ఎవురన్నా ఇది చదివితే మా ఊరి దాకా వచ్చి చెప్పండి. సంగటి పెడతా.

కాలువ మాట మగోళ్ల చెవిన పడేసరికి పెద్ద గోల. నీళ్లు లోపలికి తెచ్చుకునేదానికి కాలువ తవ్వడం వాళ్లకు తెలుసు. బయటికి పంపేదానికి తవ్వడమా! కింది చేనాయన అందరి ముందర చేతులు చాపి, "దేవుడిచ్చిన నీళ్లను మెడ పట్టి గెంటుతావామ్మా?" అన్నాడు.

ఆమె కొంగు దోపుకొని, "అన్నా, మీ ఇంట్లో అన్నం ఉడికినంక గంజి వారుస్తారా, వార్చరా?" అని అడిగింది.

"వారుస్తాం."

"ఎందుకు? దేవుడిచ్చిన గంజి కదా, ఉంచుకోరాదూ?"

ఆయన నోరు మూతపడింది గానీ మనసు తెరుచుకోలేదు. కాలువ ఆయన చేని మధ్యగా పోతే కింద పారే వంక శానా దగ్గర. ఒప్పుకోలేదు. సరే, మా చేను అంచున తవ్వి, ఆయన గట్టు వెంబడి చుట్టూ తిప్పి వంకలో కలపల్ల అనుకున్నాం. మా అంచు నా భాగంలోది. నా కొడుకు వద్దన్నాడు. "నేను బతికుండంగా నా భాగం నాది," అన్నా. ముద్ద రంగు మారడం నా కండ్లతో చూసినా కదా. ఇంక ఏమవుతాదో చూడకుండా నేను ఉండలేను.

కోతలయి, పిల్లకాలువకు నీళ్లు ఆపినంక, మా మరిది, ఆమె, నేను పారలు తీసుకున్నాం. ఆమె గోడ కట్టినట్టు నిటారుగా తవ్వింది. తెల్లారి పోయి చూస్తే రెండు పక్కలా జారి పూడిపోయింది. మళ్లా తవ్వినాం. మళ్లా జారింది.

"నీకు తెలుసంటివి కదే?"

"మా ఊర్లో తవ్వేది మగోళ్లక్కా. నేను గట్టు మీద కూర్చొని చూసినదాన్ని!" అని అరిచింది, తప్పంతా నాదయినట్టు. చివరకు మా మరిది, తడి మన్ను నిటారుగా నిలవదు, తొట్టి మాదిరి వాలుగా కోయల్లని కనిపెట్టినాడు. ఆ కనిపెట్టింది కూడా తనేనని ఆమె చచ్చేదాకా చెప్పుకునింది.

దారిన పోయేవాళ్లు ఊరుకోలేదు. "ఏమమ్మా నెల్లూరామె, పుట్టింటికి పోయేదానికి సముద్రం దాకా తవ్వుతాండావా?" అంటే, "అవునన్నా, పడవలో నీకూ చోటుండాది, సద్ది కట్టుకొని రా," అనేది.

కాలువ తవ్వితే ఒక్క కారులో, ఒక్క పంటకే, నేల బాగవుతాదని ఆమె ఊరంతా చెప్పింది. కాలేదు. ఆ కారు కూడా పైరు పసుపే. కింది చేనాయన మా వాకిలి ముందర నిలబడి, "గంజి వార్చినా అన్నం ఉడకలేదా వదినా?" అని నన్ను అడిగిపోయినాడు. ఆమె సిగ్గుతో, కోపంతో మా గడప తొక్కడం మానేసింది. నాకు పొద్దుపోయేది కాదు. ఒక పొద్దు నేనే ఆ కయ్యలో చెయ్యి పెట్టి చూసినా. ముందు పైనే చేతికి తగిలిన నీలం మన్ను ఇప్పుడు తగల్లేదు. ఇంకా దించితే, జానెడు కింద తగిలింది. నేను ఆమె ఇంటి ముందరికి పోయి గట్టిగా అరిచినా: "రావే, వచ్చి చూసుకో, నీ పుట్టిల్లు జానెడు కిందికి దిగిపోయింది!"

చేతిలో ఉండే చీపురుతోనే పరిగెత్తుకొని వచ్చింది. అప్పటి నుంచి కారుకొకసారి ఇద్దరం పోయి చెయ్యి పెట్టి చూడడం మాకు అలవాటయింది. వేరేవాళ్లు గుడికి పోయినట్టు మేము ఆ కయ్యకు పోయేది. నీలం ఎంత కిందికి పోయింది, ఎర్ర గీతలు ఎంత దూరం దిగినాయి, వానపాములు వచ్చినాయా. ఒక ఏడు పైరు పెరికితే వేర్లు తెల్లగా వచ్చినాయి. ఆమె ఆ వేర్లను కడిగి, మా మరిది తలకు పూలు పెట్టినట్టు పెట్టింది. ఆ మరుసటి ఏడే మా మరిది పోయినాడు.

ఒకసారి అడిగినా. "నీకు కష్టం కాలేదా? ఆ వాసన పుట్టింటిది అంటివి. నీ చేతులతోనే తవ్వి వంకలో పారబోసుకుంటివి."

"మా బాడవలో ఆ బురదకు తగ్గ గడ్డి ఉండాది, కొంగలుండాయి, చేపలుండాయి," అనింది. "ఆడ దాన్ని ఎండబెడితే పాపం. ఈడ మీకు వరి కావల్ల. నేలది తప్పేం లేదక్కా. ఆడిది ఆడ ఉండల్ల, ఈడిది ఈడ ఉండల్ల." కొంచేపయినంక, "నేనే ఆడిదాన్ని ఈడ ఉండిపోయినా," అని నవ్వింది.

ఇదీ ఆమె. ఇంక దినం నాటి సంగతికి వస్తా.

నా కొడుకు, కింది చేనాయన ఊరుకోలేదు. ఎండలు ముదిరినంక పారలు తీసుకొని చేనికి వచ్చినారు, పూడ్చేదానికి. నేను వాళ్లకంటే ముందే పోయి ఆ కాలువలో కూర్చున్నా. "నన్ను కూడా కలిపి పూడ్చండి," అన్నా.

"మ్మా, లేయ్. ఊరోళ్లు చూస్తాండారు."

"చూడనీ. పూడ్చే ముందర నాకు రెండు గుంతలు తవ్వి చూపించు. ఒకటి మన కయ్యలో, ఒకటి ఈయన కయ్యలో. చూసినంక కూడా పూడ్చబుద్ధయితే నేనే మన్ను తోస్తా."

ముసలిదాని మొండి అని తవ్వినారు. మా కయ్యలో మన్ను పెడ్డలు పెడ్డలుగా విరిగింది. మొలలోతు దాకా గోధుమ రంగే, పాత వేర్లు పోయిన తూట్ల వెంబడి ఎర్ర గీతలు. తర్వాత కింది చేనాయన కయ్యలో తవ్వినారు. మూరెడు దిగకముందే నీళ్లు ఊరినాయి. అంత ఎండాకాలంలో! పార ఎత్తితే పలక నీలం. వాసనకు నా కొడుకు వెనక్కు జరిగినాడు. కింది చేనాయన ఆ మన్నును చేతిలోకి తీసుకొని పిసికినాడు. అంతా వేళ్ల సందుల్లోంచి జారి కింద పడింది. ఖాళీ పిడికిలిని చూసుకుంటా ఉండిపోయినాడు. ఆయన కయ్యలో పైరు పసుపు పడతాందని, ఆ సంగతి ఎవురికీ చెప్పుకోలేక మా కాలువ మీద పడినాడని నాకు అప్పుడు తెలిసింది.

"ఇది ఎప్పటి నుంచి ఇట్ల ఉండాది వదినా?" అన్నాడు మెల్లగా.

"నీళ్లు వచ్చినకాడి నుంచి. చెయ్యి పెట్టి చూసింటే కదప్పా తెలిసేది."

"చిన్నమ్మ చెప్పింది నిజమే అనుకో," అన్నాడు నా కొడుకు, "అయినా ఇంత భూమి..."

"ఈ కారు దాకా ఆగు. పంట వచ్చినంక మళ్లా అడుగు. అప్పటికి నేనుంటే కొట్లాడదాం."

"సరే, ఈ ఒక్క కారు," అన్నాడు. వాడు నా కొడుకు. ఒప్పుకున్నట్టు కనిపించడు, ఒప్పుకోనట్టూ కనిపించడు. అందుకే ఇదంతా రాయిస్తాండా. రేపు నేను పోయినంక ఎవురన్నా పార పట్టుకొని వస్తే, ముందు గుంత తవ్వి చూడండి. మన్ను ఏ రంగులో ఉండాదో చూడండి. ఇంతే నేను అడిగేది.

కింది చేనాయన ఇంకొక నాలుగు పొద్దులు నాతో మాట్లాడలేదు. తర్వాత కొడుకులను తీసుకొని వచ్చి, తన చేని మధ్యగా వంక దాకా నేరుగా తవ్వుకున్నాడు. తొట్టి మాదిరి, వాలుగా. మా కాలువను దాంట్లో కలపమన్నాడు. చుట్టుదారి అవసరం లేకుండా పోయింది.

మొన్న మొదటి పెద్దవాన కురిసింది. వాన వెలిసినంక గట్టు మీదికి అందరం పోయినాం. పై కయ్యల్లో నిండిన నీళ్లు మా కాలువలోకి దిగి, ఆయన చేన్లోకి తిరిగి, వంక దిక్కు పరిగెత్తుతాండాయి. మా మాదిరి ఊర్లో పోయే నీళ్లను ఊరికే చూస్తా నిలబడడం అంత సులభం కాదు. కింది చేనాయన కాలువలోకి దిగినాడు. వంగి, అరచెయ్యి అడ్డం పెట్టినాడు. నీళ్లు ఆయన చేతికి తగిలి ఆగి, ఉబ్బి, మణికట్టు పైకి ఎక్కినాయి. కొంచేపు అట్లనే పట్టుకోనుండి, ఒక్కొక్క వేలే ఎత్తినాడు.